తాగనోడి వణుకు

ఆ పొద్దు గానుగ కాడ నా చేతిలోని ముంత వణికింది. మొదలంటే అదే మొదలు.

మాది ఐరాల పక్కన పల్లె. చెరకు, చెనక్కాయ పండించే ఇల్లు. డెబ్బైల చివర్లో సంగతి ఇది, నాకప్పటికి ఇరవై నిండలేదు. చెరకు ఆడే కాలంలో, పెనంలో కాగిన పాకాన్ని ముంతతో తీసి అచ్చుల్లో పోసే పని నాది. "మా మునిరత్నం పోస్తే బొట్టు కింద పడదప్పా" అని నాయన పదిమందిలో చెప్పుకునేవాడు. ఆ పొద్దు ముంత ఎత్తేసరికి మణికట్టు కాడ నుంచి చెయ్యి దానంతట అదే కొట్టుకునింది. బిగబట్టి పట్టుకునే కొద్దీ ఇంకా ఎక్కువైంది. కాగే పాకం చింది, పక్కన నిలబడిన దొరస్వామి మామ పాదం మీద పడింది.

దొరస్వామి మామ మా అమ్మకు కడగొట్టు తమ్ముడు. నాకంటే నాలుగైదేండ్లు పెద్ద. మా చెల్లెలు సుగుణ ఉయ్యాల్లో ఉండంగానే దాన్ని ఆయనకే ఇచ్చేదని అనుకునేసినారు. మా పక్క అది మామూలే. మా అమ్మను కూడా ఆమె సొంత మేనమామకే ఇచ్చినారు, ఆ మేనమామే మా నాయన.

"అయ్యో సచ్చినానురోయ్!" అని మామ ఎగిరి గంతేసినాడు. "ఏందిరా, పొద్దన్నే ఏసుకోనొచ్చినావా?"

గానుగ కాడ ఉన్నోళ్ళంతా నవ్వినారు. నేను కూడా నవ్వినాను. బొబ్బలెక్కిన కాలు కోపంలో మామ ఏదో అన్నాడులే అనుకున్నాను. ఆ మాట నా మెడకు చుట్టుకుంటాదని నాకేం తెలుసు?

ఆ తరువాత ఒక్కొక్కటే వచ్చింది. చొక్కా గుండీలు పెట్టుకోను రాలేదు. కాఫీ గలాసు నోటి కాడికి వచ్చేలోగా సగం పంచె మీద పడేది. సంతకం చేస్తే నా పేరు నాకే చదవను వచ్చేది కాదు. నాలుక మొద్దుబారినట్టు ఉండేది, ఒక మాట అనేదానికి ఇంకొక మాట మాదిరి వినపడేది. ఊరకనే కోపం వచ్చేది, ఊరకనే ఏడుపు వచ్చేది. నడస్తా నడస్తా పక్కకు తూలేవాణ్ణి. నోట్లో నుంచి చొంగ కారితే నాకు తెలిసేది కాదు, సుగుణ కనిపెట్టి "అన్నా, తుడుచుకో" అని మెల్లగా చెప్పేది. నరాల బలహీనత అని చిత్తూరులో ఒక డాక్టరు సూదులు ఏసినాడు. ఆ సూదులకు ఏమీ తగ్గలేదు.

ఇంక ఊరోళ్ళకు చెప్పేదేముంది. వణుకుతాడు, తూలతాడు, మాట ముద్దగా వస్తాది, చొంగ కారుస్తాడు. సారాయి అంగడికి పోయి రావడం ఎవరూ కండ్లతో చూసింది లేదు. అయినా, "మీవోడు నిండా తాగతాండాడప్పా, సూసుకోబళ్ళా" అని నాయనకు చెప్పేవాళ్ళు రోజుకొకరు తయారైనారు. నాయన మొదట కొట్లాటకు పోయినాడు. తరువాత పోయేది మానుకున్నాడు.  నేను ముద్ద మాటలతో "తాగలేదు నాయనా" అంటే, ఆ ముద్ద మాటలే నేను తాగినానని సాక్ష్యం చెప్పేవి.

ఇంట్లో నన్ను నమ్మింది సుగుణ ఒక్కటే. "నేను పక్కనే కూచోని బువ్వ తింటా ఉండాను కదా, అన్న నోట్లో వాసన లేదు నాయనా" అనేది. పదహారేండ్ల ఆడబిడ్డ మాట ఎవరు వింటారు?

ఒక పొద్దు నాయన నన్ను పిలిచి, "రేపు కాణిపాకం పోదాం. సామి ముందర ప్రమాణం చెయ్యి. ఇంక ఎవుడూ నోరెత్తడు, నేను కూడా ఎత్తను" అన్నాడు.

మా పక్క వాళ్ళకు ఈ సంగతి చెప్పే పని లేదు. తక్కినవాళ్ళ కోసం చెప్తాను. కాణిపాకం వినాయకుని ముందర అబద్ధం ఆడితే బతికి బట్టకట్టరని మా నమ్మకం. గట్టు తగాదా గానీ దొంగతనం గానీ, యాడా తెగని సంగతి ఆడ తెగుతాది. అబద్ధం ఆడేవాళ్ళు సగం దావలోనే కాళ్ళు వణికి ఒప్పుకుంటారని చెప్తారు. నాకైతే పోయే ముందే కాళ్ళు వణుకుతా ఉండె!

తడిబట్టలతో నిలబెట్టినారు. కర్పూరం వెలిగించినారు. నాయన, మామ, ఊరి పెద్దలు ఇద్దరు పక్కన నిలబడినారు. "నేను సారాయి ముట్టలేదు, ముట్టి ఉంటే సామి నన్ను చూసుకోనీ" అన్నాను. ఆ నాలుగు మాటలు అనేదానికి నాకు చెమట పట్టింది. నాయన కండ్లు మూసుకోని దండం పెట్టినాడు. ఇంటికి పోతానే అమ్మ పాయసం చేసింది. మామ నా భుజం మీద చెయ్యేసి "తప్పుగా అనుకోవద్దురా అల్లుడా" అన్నాడు. పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టు అయింది నాకు.

నెల తిరక్కముందే వణుకు రెండింతలైంది.

నడవను గోడ పట్టుకోవాల్సి వచ్చింది. సంగటి ముద్ద మింగితే గొంతులో నిలబడి కండ్లు బైటికొచ్చేవి. మొకం బిగుసుకోని, నవ్వినట్టే ఉండిపొయ్యేది. ఎవరైనా సచ్చినారని చెప్పను వస్తే కూడా నేను పండ్లు బైటపెట్టుకోని కూచోని ఉంటిని. ఊరు ఊరంతా ఒక మాటకు వచ్చేసింది. సత్యం తప్పినాడు, సామి చూసుకుంటా ఉండాడు. మా వాకిట్లో నిలబడి నన్ను చూసి లెంపలేసుకోని పొయ్యేవాళ్ళు. పిల్లకాయలకు నన్ను చూపించి "అబద్ధం చెప్తే అట్లయితారు" అని చెప్పినారు. అమ్మ కూడా నమ్మింది. నాకు బువ్వ పెడతా, "ఒప్పేసుకో నాయనా, తప్పు చెల్లించుకుందాం, నిన్ను ఇట్లా చూడలేను" అని ఏడ్చేది.

అన్నిటికంటే భయమైన సంగతి ఇంకొకటి. నాకే అనుమానం వచ్చింది. చిన్నప్పుడు ఎవరో మురిపానికి కల్లు తడిపిన వేలు నా నాలుక మీద పెట్టినారు. ఆ చేదు నాకు గుర్తుండాది. సామి దాన్ని కూడా పట్టుకున్నాడేమో! సారాయి అన్నానే గాని కల్లు అనలేదే, దేవుడి ముందర తెలివితేటలు చూపించినట్టు అయిందా? మంచం మీద పొణుకోని మిట్టమధ్యాన్నం పూట ఇదే తిప్పి తిప్పి అనుకునేవాణ్ణి. జబ్బు అయితే మందుండాది. శాపం అయితే యాడికి పోయేది?

తప్పు చెల్లించేదానికి తలనీలాలు ఇస్తామని అమ్మ తిరుపతికి మొక్కుకునింది. నాయనా అమ్మా నన్ను రెండు పక్కలా పట్టుకోని బస్సెక్కించినారు. తిరుపతి బస్టాండులో దిగతా మెట్టు తప్పి బోర్లా పడినాను. గడ్డం పగిలి చొక్కా అంతా నెత్తురైంది. కొండకు పోవాల్సినవాణ్ణి ఆటోలో ఏసుకోని పెద్దాసుపత్రికి పోయినారు.

కుట్లేసే డాక్టరు చిన్న వయసాయన. ఆయన ఏమీ అడగకముందే నాయన తల దించుకోని "తాగతాడు సార్" అన్నాడు.

ఆ మాట నాకు గడ్డం నొప్పికంటే ఎక్కువ నొప్పి పెట్టింది.

డాక్టరు నా నోటి కాడ వాసన చూసినాడు. నాయన మొకం చూసినాడు. కుట్లేసినాక, "రెండు చేతులూ రొమ్ము ముందర ఎత్తి పట్టుకో, మోచేతులు మడిచి" అన్నాడు. ఎత్తినాను. కోసిన కోడి రెక్కలు కొట్టుకున్నట్టు కొట్టుకున్నాయి. ఆయన టార్చి లైటు నా కంట్లో ఏసి శానాసేపు చూసినాడు.

"తాగినవాడి వణుకు ఇట్లా ఉండదు పెద్దాయనా. నాకు ఒక అనుమానం ఉంది. ఇక్కడ తేల్చలేను. కొండకు తరువాత పోవచ్చు, ముందు వేలూరు తీసుకుపోండి."

అమ్మను ఊరికి పంపించి, నాయనా నేనూ తిరుపతిలోనే రైలెక్కి కాట్పాడిలో దిగినాము. రైల్లో ఎదురుగా కూచున్న ఆమె నన్ను చూసి తన బిడ్డను ఒళ్ళోకి లాక్కోని మొకం తిప్పుకునింది.  నాయన తన తువ్వాలు తీసి నా నోరు తుడిచినాడు. అంతకుముందు ఆయన ఎప్పుడూ ఆ పని చెయ్యలేదు.

వేలూరు ఆసుపత్రిలో కండ్ల డాక్టరు కాడికి పంపినారు. స్లిట్ ల్యాంప్ అని ఒక మిషను. దాని మీద గడ్డం ఆనించి కదలకుండా కూచోమంటారు. కదలకుండా కూచునేవాణ్ణయితే ఆడికెందుకు పోతాను? నాయన నా తల రెండు చేతుల్తో గట్టిగా పట్టుకున్నాడు. పెద్ద డాక్టరు చూసి "కేఎఫ్ రింగ్" అన్నాడు. ఇంక చిన్న డాక్టర్లు వరసగా వచ్చి ఒక్కొక్కరే తొంగి చూసినారు. ఒకాయన "బ్యూటిఫుల్" అన్నాడు. నా ప్రాణం పోతా ఉంటే బ్యూటిఫుల్ అంట! నోరు తిరిగి ఉంటే నాలుగు తిట్టి ఉంటాను.

రక్తం తీసినారు. ఒక పగలూ రాత్రి మూత్రమంతా డబ్బాలో పట్టినారు. అన్నీ వచ్చినాక పెద్ద డాక్టరమ్మ మమ్మల్ని కూచోబెట్టుకునింది. అరవం కలిసిన తెలుగులో నిదానంగా చెప్పింది.

"దీని పేరు విల్సన్స్ డిసీజ్. మనం తినే తిండిలో కొంచెం కాపర్ ఉంటుంది, రాగి. మిగిలినదాన్ని లివర్ బైటికి పంపించాలి. మీ అబ్బాయి లివర్ పంపించలేదు. పుట్టినప్పటి నుంచి చేరి చేరి ఇప్పుడు బ్రెయిన్‌కి పోయింది. కంటిలో కూడా రింగు కట్టింది."

"తాగితే వచ్చేది కాదామ్మా?"

"తాగుడికీ దీనికీ సంబంధమే లేదు."

నాయన రెండు చేతులూ జోడించినాడు. "వీడు సామి ముందర ప్రమాణం చేసినాడమ్మా. వీడు సత్యం తప్పలేదు కదా?"

ఆయమ్మకు అర్థం కాలేదు. "ప్రమాణం నాకు తెలియదయ్యా. ఈ అబ్బాయి తాగలేదు. అది చెప్తాను" అనింది.

నాయన కుర్చీలో నుంచి లేచి నా తల తన కడుపుకు అదుముకున్నాడు. డాక్టర్లూ నర్సులూ చూస్తా ఉండారని కూడా లేదు, చిన్నబిడ్డ మాదిరి ఏడ్చినాడు. నేను కూడా ఏడ్చినాను. సచ్చినా పరవాలేదు, అబద్ధాలకోరుగా సావను అనుకున్నాను.

డాక్టరమ్మ నాయనను ఇంకొకటి అడిగింది. "నీ భార్య నీకు ముందే చుట్టమా?"

"నా అక్క కూతురమ్మా."

"అదే. మీ ఇద్దరిలో ఒక్కొక్క లోపం దాగి ఉంది. మీకేమీ కాదు. రెండూ కలిసి వచ్చిన బిడ్డకు జబ్బు. ఇంకా పిల్లలున్నారా?"

"ఒక ఆడబిడ్డ. అది బాగుండాదమ్మా, దానికేం."

"బాగున్నప్పుడే చూడాలి. ఇట్లా అయినాక కాదు. నలుగురిలో ఒకరికి రావచ్చు. తీసుకొని రా."

నాయన తల ఊపినాడు. ఊపినాడే గాని, ఆ పొద్దు ఆ మాట ఆయన చెవిలో దూరలేదని నాకు తెలుసు.

పెనిసిలమిన్ అనే మందు మొదలు పెట్టినారు. పరగడుపున మింగాలి, దాంతో బీసిక్స్ మాత్ర. చెనక్కాయలు వద్దు, ఈరలు, అదే కార్జం, వద్దు, రాగి చెంబులో నీళ్ళు వద్దు అన్నారు. నంజుకునే చెనక్కాయల ఊరిబిండి లేకుండా మా ఇంట్లో సంగటి ఎట్లా దిగుతాది? ఇంటికొచ్చి చెప్తే అమ్మ రాగిబిందె చూసి గుండెలు బాదుకునింది. "ఒంటికి మంచిదని రాత్రంతా నీళ్ళు దాంట్లో పెట్టి నా చేత్తోనే తాపిస్తినే, నా చేత్తోనే!" నాయన "బిందె తప్పు కాదంట, పుట్టుకలోనే ఉండాదంట" అని ఎంత చెప్పినా వినలేదు, ఎత్తి అటక మీద పారేసింది.

మందు దొరికింది కదా, ఇంక బాగైపోతానని అనుకున్నాను. బాగయ్యేది పోయి, కట్టె మాదిరి బిగుసుకోనొచ్చింది. మందు మింగిన కొన్ని వారాలకు మాట పోయినట్టే అయింది. పక్క మీద ఒకరు తిప్పితేనే తిరిగేది. ఊరోళ్ళు మళ్ళా సామి పేరెత్తినారు. మందు ఆపేద్దామని అమ్మ ఏడ్చింది. నాయన ఒక్కడే వేలూరు పోయి అడిగి వచ్చినాడు. కొందరికి మొదట్లో ఎక్కువవుతుంది, డోసు తగ్గించి ఇస్తాము, ఆపొద్దు అని చెప్పినారంట. ఆ రోజుల్లో భయం గురించి ఎంత రాసినా తక్కువే. లోపల నేను నేనుగానే ఉండాను, అన్నీ తెలస్తా ఉండాయి, బైట ఒళ్ళు మాత్రం వేరే ఎవుడిదో అయిపోయింది.

ఆ పొణుకున్న రోజుల్లోనే ఒక మధ్యాన్నం సుగుణ నా మంచం మీదికి కనపడే వంటింట్లో ఒక్కతే నిలబడి ఉండింది. నన్ను చూసుకోలేదు. రెండు చేతులూ రొమ్ము ముందర ఎత్తి, మోచేతులు మడిచి, వేళ్ళ కొనలు చూసుకుంటా ఉండింది. నాయన చెప్పింటాడు డాక్టరు ఎట్లా చూసినాడో. చేతులు కదల్లేదు. అయినా నేను కండ్లు తిప్పుకోలేదు. ఈ బిడ్డకు కూడా నా గతి పడితే?

సాయంకాలం నాయన వచ్చి నా పక్కన కూచున్నాడు. నోరు తెరిచినాను. "సు... గు... ణ" అనేదానికే ఊపిరి పోయింది. నాయన వంగి చెవి నా నోటి కాడ పెట్టినాడు. "కన్ను" అన్నాను. "సూ... పించు."

దొరస్వామి మామ ఆడనే ఉండినాడు. శ్రావణంలో ముహూర్తం పెట్టుకుంటా ఉండిరి. ఆయన మొకం మారిపోయింది. "బాగుండే బిడ్డను ఆసుపత్రికి తీసకపోయి జబ్బు పేరు అంటించుకోనొస్తారా? వీడికే నోరు తిరగదు, వీడి మాట పట్టుకోనా? అక్కా, చెప్తా ఉండా, అది ఆ ఆసుపత్రి మెట్టెక్కితే నేను తాళి కట్టను."

అమ్మ తమ్ముని చేతులు పట్టుకునింది. "వద్దయ్యా, బిడ్డ పెండ్లి సెడగొట్టద్దు" అని నాయనకు మొక్కింది.

నాయన లేచి నిలబడినాడు. "వాడు తాగలేదని మొత్తుకుంటే మనం వినలేదు. ప్రమాణం చేసినాక కూడా వినలేదు. డాక్టరు ముందర నా నోటితో నేనే తాగతాడని చెప్తిని. ఇప్పుడు వాడు చెల్లెల్ని చూపించమంటాండాడు. ఈసారి వింటా. నువ్వు కట్టకపోతే మానుకో దొరస్వామీ."

మామ పై తువ్వాలు దులుపుకోని పోయినాడు.

నన్ను చూపించాల్సిన నాటికే సుగుణను కూడా తీసుకోని ముగ్గురమూ వేలూరు పోయినాము. అదే మిషను. దాని తల ఎవరూ పట్టుకోలేదు, అది కదలకుండా కూచునింది. నన్ను గోడకు ఆనించి కూచోబెట్టింటే చూస్తా ఉంటిని.  కండ్ల డాక్టరు తల ఎత్తి "రింగ్ లేదు. కన్ను క్లియర్" అన్నాడు.

నాయన "సామీ!" అని గోడకు దండం పెట్టినాడు. సుగుణ నవ్వింది. ఆసుపత్రి బైట మల్లెపూలు కొనిచ్చినాడు నాయన, అది తల్లో పెట్టుకునింది. సాయంకాలం రైలుకు పోదామని సంచి కూడా భుజానికి ఏసుకున్నాడు. నర్సు పరిగెత్తుకోని వచ్చి, "ఎక్కడికి పోతారు? బ్లడ్డు, ట్వంటీ ఫోర్ అవర్స్ యూరిన్ ఇంకా ఇవ్వలేదు" అని కోప్పడి వెనక్కు పిలిచింది. కన్ను బాగుంటే ఇంకెందుకమ్మా అని నాయన గొణుక్కున్నాడు. అయినా ఆగినాము. రిపోర్టుల కోసం ఆడ బల్ల మీద కాచుకున్నన్ని రోజులూ సుగుణ ఏదో ఒకటి చెప్పి నన్ను నవ్వించాలని చూసింది.

డాక్టరమ్మ నాయనను ఒక్కణ్ణే లోపలికి పిలిచినప్పుడే నాకు తెలిసిపోయింది. బైటికొచ్చిన మనిషి మొకంలో నెత్తురు లేదు. వెనకనే డాక్టరమ్మ వచ్చి సుగుణ పక్కన కూచునింది.

"రక్తంలో రాగిని మోసే సెరులోప్లాస్మిన్ చాలా తక్కువ ఉందమ్మా. యూరిన్‌లో కాపర్ ఎక్కువ ఉంది. నీకు కూడా ఇదే జబ్బు. లివర్‌లోనే ఉంది, ఇంకా బ్రెయిన్‌కి పోలేదు. మంచి టైములో వచ్చినావు. మాత్ర ఆపకుండా వేసుకుంటే నువ్వు బాగానే ఉంటావు."

సుగుణ డాక్టరమ్మను చూడలేదు. నన్ను చూసింది. బిగుసుకుపోయిన నా చేతులు చూసింది, చొంగ కారే నా నోరు చూసింది. "అన్నా, నాకూ నీ మాదిరి అయితాదా?" అనింది.

కాదు తల్లీ, కాదు అని అరవాలనిపించింది. నాలుక లేవలేదు. తల అడ్డంగా ఊపినాను, ఊపతానే ఉండినాను.

ఇది జరిగి ఏండ్లయింది. నాకు ఆ మందు పట్టేదానికి శానా కాలం పట్టింది. మొదట మింగుడు బాగైంది, తరువాత నడక, అన్నిటికంటే వెనక మాట. ఇప్పుడు కొంచెం సాగదీసి మాట్లాడతాను, ఎడమ చెయ్యి చలికాలంలో రవ్వంత కొట్టుకుంటాది. చొక్కా గుండీలు నేనే పెట్టుకుంటాను. ఇది కూడా నేనే రాస్తా ఉండాను, అక్షరాలు రేగిపండ్లంత వస్తా ఉండాయి గాని. బస్సులో ఇప్పటికీ కొందరు నా పక్క నుంచి లేచి పోతారు. పోనీలే, కాళ్ళు చాపుకునేదానికి చోటు దొరుకుతాది.

మామ మాట మీదనే నిలబడినాడు, వేరే బిడ్డను చేసుకున్నాడు. సుగుణను పాకాలలో ఒక బడిపంతులు చేసుకున్నాడు. మాకు ఏ వరసా కాని మనిషి. జబ్బు సంగతి పెండ్లిచూపుల్లోనే నాయన చెప్పేసినాడు. మాత్ర ఏసుకుంటే చాలు కదా అన్నాడాయన. దానికి ఒక కొడుకు. కడుపుతో ఉన్నప్పుడు కూడా డాక్టరమ్మ డోసు తగ్గించిందే గాని మందు ఆపనియ్యలేదు.

దాని చేతులు ఇంతవరకూ వణకలేదు. నా భయం మాత్రం పోలేదు. అది ఇంటికొచ్చి కాఫీ ఇస్తే నేను దాని మొకం చూడను, గలాసు చూస్తాను. అది కనిపెట్టి, "సాల్లే అన్నా, తాగు" అని తిడతాది.

ఇది చదివేవాళ్ళకు ఒక్క మాట. మీ ఇంట్లో ఒక బిడ్డకు ఈ జబ్బుండాదని చెప్పినారంటే, తక్కిన బిడ్డలు గుండ్రాయి మాదిరి ఉన్నా సరే తీసుకుపోయి చూపించండి. కండ్లు బాగుండాయి అనగానే సంచి భుజానికి ఏసుకోవద్దండి. రక్తం, మూత్రం రిపోర్టులు వచ్చిందాకా ఆ బల్ల మీద నుంచి లేవొద్దండి.